రెక్క గీసిన జుబ్బా

పూర్ణానందులవారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి ముఖంకేసి కాసేపు చూసి, ఎక్కడిదో ఒక ముచ్చట ఎత్తుకుంటారు. వాదాలు కావలసినవాళ్లు కాశీకి పొండి, నా దగ్గర కబుర్లే ఉన్నాయి అంటారు.

ఆయన శిష్యుడు మాధవుడికి ఒక దిగులు పట్టుకుంది. తన గురువుగారికి గురువైన పరమగురువులు చెప్పిన మాటలు ఆ రోజుల్లో ఎవరూ రాసిపెట్టలేదు. విన్నవాళ్లేమో తలో తీరుగా చెబుతున్నారు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు: "స్వామీ, ఆయన అసలు మాట ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? అది దొరికేదాకా మన సాధనంతా గాలిలో దీపమే కదా?"

గురువుగారు జోగినాథం సంగతి ఎత్తుకున్నారు.

జోగినాథం పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక జమీందారుగారి కార్ఖానాలో పటాలు దిద్దేవాడు. అక్కడ కామేశంగారనే ఇంజనీరు కర్రతో, గుడ్డతో రెండు సీట్ల విమానం ఒకటి తయారుచేశారు. ఆయన పెన్సిలుతో గీసినదాన్ని గంజి పట్టించిన సన్నని గుడ్డమీదికి సిరాతో ఎత్తడం జోగినాథం పని. విమానం లేచిన కొత్తలో ఒక పొద్దున కామేశంగారు, "ఎక్కవోయ్, నీ గీతలు ఎలా ఎగురుతాయో చూద్దువుగాని" అని అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నారు. ఇంజనులో కాలే ఆముదం వాసన, చెవుల్లో హోరు, కింద జీడితోటల మీదుగా పరిగెత్తే తమ నీడ. తరవాత గాలివానకు షెడ్డు కూలి విమానం నుగ్గయింది. జమీందారీ పోయింది, కామేశంగారూ పోయారు. జోగినాథం మాత్రం, ఎన్ని ఊళ్లలో ఎన్ని ఉద్యోగాలు వెలగబెట్టినా, ఆ పొద్దుటి ఆకాశం నుంచి కిందికి దిగనే లేదు.

యాభై దాటాక, అచ్చం అలాంటి విమానమే కట్టి ఒక్కసారైనా ఎక్కాలని పట్టుపట్టాడు. ముసలాడికి దసరా పండగ అని ఇంట్లోవాళ్లు నవ్వారు. ఒళ్లూ తోకా ఫొటోలు చూసి కట్టుకోవచ్చు. రెక్క వంపు మాత్రం ఊహించి కడితే ప్రాణాలమీదికి వస్తుంది. తన చేత్తో దిద్దినదే, కానీ జ్ఞాపకం ఆ వంపును రోజుకో రకంగా చూపించేది. పటాల కోసం చెప్పులరిగేలా తిరిగి తిరిగి, చివరికి ఒక పుష్యమాసపు పొద్దున పార్వతీపురంలో కామేశంగారి భార్య శేషమాంబగారి ఇల్లు పట్టుకున్నాడు.

"ఆ గుడ్డలా నాయనా," అంది ఆవిడ తడుముకోకుండా. "యుద్ధం రోజుల్లో గుడ్డకి కరువొచ్చింది కదా. మా పెద్దాడు పుట్టినప్పుడు మీ అయ్యగారే వాటిని వేణ్ణీళ్లలో నానేశారు. గంజంతా పోయి వెన్నలా వచ్చాయి. జుబ్బాలు కుట్టాను."

జోగినాథం అరుగుమీద చతికిలబడ్డాడు. "ఆయనకి చేతులెలా వచ్చాయమ్మా?"

"నేనూ వద్దనే అన్నాను. 'అది ఎగరడం చూశాం కదే, ఇంక వీడు చలికి వణకడం చూడమంటావా' అన్నారు."

ఆ జుబ్బాలన్నీ చిరిగిపోయి ఒక్కటి మిగిలింది. పురిటిబిడ్డకు పాతబట్టే వెయ్యాలి గనక, ఆ ఇంట ఎవరు పుట్టినా మొదట దాన్నే తొడుగుతూ వచ్చారు. ఇప్పుడది పెద్దాడి కొడుకు ఒంటిమీద ఉంది. ఆవిడ లోపలికి వెళ్లి పసివాణ్ణి తెచ్చి జోగినాథం ఒళ్లో పెట్టింది.

అతను వాణ్ణి నెమ్మదిగా ఎండకేసి తిప్పాడు. సిరా ఏనాడో పోయింది, కలం మొన గుడ్డలో దిగిన జాడ మాత్రం ఉంది. బిడ్డ వీపు మీదుగా పోతోంది రెక్క వంపు, తన చేతి గీత. సగం దాకా వచ్చి ఆగింది. చలికని శేషమాంబగారు గుడ్డ రెండు పొరలుగా వేసి కుట్టింది, మిగతా సగం లోపలి పొరలో ఉండిపోయింది. కుట్లు విప్పితే వంపంతా దొరుకుతుంది. కానీ ఉతికి ఉతికి నీరైపోయిన గుడ్డ అది, విప్పితే ఇక పీలికలే.

శేషమాంబగారే కత్తెర తెచ్చి పక్కన పెట్టింది. "విప్పుకో నాయనా. ఆయన విమానమే కదా, మళ్లీ లేస్తే నేనూ చూస్తాను."

జోగినాథం కత్తెర అందుకున్నాడు. మొన కుట్టు కిందికి పోనిచ్చాడు. సందులోంచి చలిగాలి తగిలి కాబోలు, పసివాడు ఒళ్లంతా ముడుచుకున్నాడు. ఆ పొద్దున ఆకాశంలో కలిగిన సంతోషమూ, అది ఇక రాదన్న దుఃఖమూ ఒక్కసారే పొంగుకొచ్చి అతను భోరుమన్నాడు. కాసేపటికి తేరుకుని, కత్తెర ఆవిడ చేతికే ఇచ్చేసి, మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాడు. విమానం కట్టలేదు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. మాధవుడికి ఒళ్లు మండింది. "అన్నేళ్లు వెతికి, చేతికందినదాన్ని వదులుకున్నాడా స్వామీ? ఆ కుట్లు విప్పి ఉంటే విమానం లేచేదే కదా?"

"లేచేదే," అన్నారు గురువుగారు. "నేను మాత్రం చలికి గుక్కపట్టి ఏడ్చేవాణ్ణి."