గుడ్డ మీద నల్ల చేతులు

అనగనగా సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఒక అద్దకాల ఊరుండేదిరా బుజ్జీ. అక్కడ తెల్లగుడ్డని కరక్కాయ నీళ్ళలో, పాలలో ముంచి ఎండేసేవాళ్ళు. అలా చేస్తేనే రంగు పట్టుకుంటుంది.

ఒకరోజు ఆరేసిన గుడ్డ మీద ఒక చెయ్యి కనపడింది. నల్లటి చెయ్యి. ఎవరూ అద్దలేదు. పొద్దున లేదు, ఎండెక్కేసరికి మెల్లగా ఐదు వేళ్ళూ తేలాయి. మర్నాడు మూడు చేతులు. ఆ తర్వాత ఏ గుడ్డ చూసినా చేతులే.

ఊళ్ళో నాంచారి అని ఒంటరి మనిషి ఉండేది. మొగుడు పోయాక ఎవరితోనూ మాట్లాడేది కాదు.

"ఇది దాని చేతబడే. రేపటికల్లా ఊరు విడిచిపోవాలి" అన్నాడు ఊరిపెద్ద భావనారాయణ.

అప్పుడు అద్దకాలు వేసే పేరిందేవి అడ్డం వచ్చింది. "అనుకోవడం వేరు, చూడ్డం వేరు పెద్దయ్యా. ఒక్క పూట ఆగండి" అంది.

ముందు నాంచారిని కాలవలో చేతులు కడుక్కుని కరక్కాయ గుడ్డ మీద ఆనించమంది. ఎండలో కూర్చుని చూశారు. ఏమీ రాలేదు. ఆ తర్వాత ఇంకో గుడ్డ మీద బావినీళ్ళు చిలకరించింది. ఏమీ రాలేదు. మరి ఊళ్ళో కొత్తగా వచ్చిందేమిటి? ఆ నెలలోనే బావికి తాడు తీసేసి ఇనప గొలుసు వేశారు. అప్పటికే తుప్పు పట్టింది.

"పెద్దయ్యా, మీరే ఒక చేద తోడండి" అంది.

ఆయన తోడి, తడిచెయ్యి గుడ్డ మీద ఆనించాడు. జనమంతా చుట్టూ మూగారు. గుడ్డ ఆరుతోంది. ముందు బొటనవేలు తేలింది. అప్పుడు చూపుడువేలు. చివరికి ఉంగరం అచ్చుతో సహా, నల్లటి చెయ్యి.

"ఇది... నాదేనా?" అన్నాడాయన.

ఎందుకలా అయిందంటావా? తుప్పూ కరక్కాయలోని వగరూ కలిస్తే నలుపు పుడుతుంది. గొలుసు పట్టుకుని నీళ్ళు తోడినవాళ్ళే ఆ తడిచేత్తో గుడ్డలు ఆరేశారన్నమాట. ఇనుము, ఉప్పు, రాయి గుణం చెప్పే చదువొకటుంది బుజ్జీ. ఆకులు, కాయలు, నూనెల సంగతి చెప్పేది ఇంకొకటి. వేడికి మార్పు ఎందుకు త్వరపడుతుందో ఒకటి చెబుతుంది. దేంట్లో ఏముందో, ఎంతుందో తేల్చేది మరొకటి. తిన్న అన్నం ఒంట్లో ఏమవుతుందో చెప్పేదీ ఉంది. అన్నీ కలిపి రసాయన శాస్త్రం. పేరిందేవికి ఆ పేర్లేవీ తెలీవు. ఆగి చూడాలని మాత్రం తెలుసు.

ఆ తర్వాత ఆవిడ నాంచారి ఇంటికెళ్ళింది. తన వంతు కాగానే ఇంటికెళ్ళిపోయిన నాంచారికి ఈ సంగతి తెలీదు, అప్పటికే మూట కట్టుకుని గడపలో నుంచునుంది. పేరిందేవి ఆ మూట దింపి, ఆమె చెయ్యి పట్టుకుంది. అన్నాళ్ళలో ఆ చేతిని ముట్టుకున్న మనిషి ఆవిడొక్కతే.

కథ వెళ్ళింది కంచి దాకా,
మనం పడుకుందాం తెల్లారేదాకా.