ఒడ్డు చూసినవాడు

మా గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు "అన్నం తిన్నావా?" అనేవారు. తిన్నానంటే కూర్చోబెట్టి ఏదో ఒక సంగతి చెప్పేవారు. తినలేదంటే నా దగ్గరికి పంపేవారు. ఆశ్రమంలో వంటశాల పెత్తనం నాది. వేదాంతం నాకు తెలియదు గానీ, కడుపు కాలుతున్నవాడికి అది ఎక్కదని మాత్రం ముప్పై ఏళ్ళ గరిట సాక్షిగా చెప్పగలను.

పరాంకుశం ఆ రోజు తినకుండానే వచ్చాడు. కాలువల శాఖలో ఇంజనీరుగా చేసి, ఉద్యోగాన్నీ ఇంటినీ ఇల్లాలినీ వదిలేసి మా దగ్గర చేరి నాలుగేళ్ళయింది. మనిషి మంచివాడే, కానీ ధ్యానం పేరు చెప్పి మా ప్రాణాలు తోడేసేవాడు. గరిట చప్పుడైతే తప్పు, తలుపు కిర్రుమంటే తప్పు, ఆఖరికి పప్పు ఉడికే వాసన కూడా తప్పే! అలాంటివాడు భుజాన సంచీ వేసుకుని వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఉత్తరాదికి వెళ్ళిపోతున్నాను. ఇక తిరిగి రాను," అన్నాడు. "అయిదేళ్ళ కిందట నాకొకటి దొరికింది. ఎంతసేపో కాదు, ఎసరు కాగేంత సేపు. ఆ కాసేపూ నేనంటూ లేను. దిగుల్లేదు, భయం లేదు. అంతలోనే పోయింది. దానికోసం అన్నీ వదులుకున్నాను. చదవని పుస్తకం లేదు, చెయ్యని జపం లేదు. ఒకసారి దొరికింది మళ్ళీ ఎందుకు దొరకదు స్వామీ? అది అబద్ధమా? లేక నేనే దానికి తగనా?"

అంటూ భోరుమన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి అలా ఏడుస్తుంటే నాకు అతని మీదున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. గురువుగారు అన్నం సంగతి ఎత్తలేదు. సంచీ దించమని సైగ చేసి, మెల్లగా మొదలుపెట్టారు. ఆయన చెప్పింది నాకు చేతనైనట్టు చెబుతాను.

సన్యాసం పుచ్చుకోకముందు ఆయన ఉత్తరాంధ్ర తీరాన ఒక జాలరిపాలెంలో బడిపంతులుగా చేశారట. ఆ పాలెంలో దానయ్య అని ఉండేవాడు. తెప్ప నడపడంలో అతని తర్వాతే ఎవరైనా. ఒక ఏడాది చేపలు పూర్తిగా ముఖం చాటేశాయి. తెప్పలు పొద్దున వెళ్ళినవి వెళ్ళినట్టే ఖాళీగా తిరిగి వస్తున్నాయి. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి రోజుల్లో దానయ్య తన బావమరిది ఎల్లాజీని వెంటబెట్టుకుని, ఎవరూ వెళ్ళని వైపు వెళ్ళాడు. అక్కడ సముద్రం అడుగున ఒక పెద్ద రాతి దిబ్బ దొరికింది. రాయి ఉన్నచోట చేప ఉంటుంది. గాలం వెయ్యడం ఆలస్యం, తాడు లాగేస్తోంది!

సముద్రం మీద గుర్తు పెట్టడానికి ఏముంటుంది? అందుకని జాలర్లు మంచి చోటు దొరకగానే తల తిప్పి ఒడ్డు చూస్తారు. ఒడ్డున ఫలానా చెట్టు వెనకాల కొండ ఏ భాగం వచ్చింది, ఫలానా కప్పు వెనకాల ఏది వచ్చింది, అని రెండు వరసలు చూసుకుంటారు. మళ్ళీ ఆ రెండు వరసలూ అలాగే కుదిరేదాకా తెప్ప నడిపితే, అదే చోటు. ఈ సంగతి పాలెంలో అందరికీ తెలుసు. దానయ్యకు తెలియక కాదు. చేపల సంబరంలో నీళ్ళ మీంచి తల ఎత్తితే కదా!

ఎల్లాజీకి కొత్తగా పెళ్ళయింది. వాడికి సముద్రం మీద ధ్యాస లేదు, చూపంతా ఒడ్డు మీదే. ఆ పరాకులో ఒక పెద్ద చేప వాడి చేతిలోంచి తాడుతో సహా పోయింది. ఒడ్డుకు రాగానే దానయ్య నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు.

"నీళ్ళకేసి సూడ్రా అంటే ఇంటికేసి సూత్తావేట్రా! పెళ్ళాం కొంగట్టుకుని తిరిగేవోడివి తెప్పెందుకెక్కినావు? ఇక నా తెప్ప మీద కాలెట్టకు!"

ఎల్లాజీ తన గాలాలు తీసుకుని వెళ్ళిపోయాడు. దానయ్య అదే ఊపులో రాయి దొరికిందని ఊరంతా చాటాడు. మర్నాడు పదకొండు తెప్పలు అతని వెనకాల బయల్దేరాయి. రోజంతా తిప్పాడు. రాయి లేదు. నీళ్ళ రంగు చూసి ఇక్కడే అంటాడు, లోతు చూసే తాడుకు కట్టిన గుండు వదిలితే అడుగున బురద. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎవరూ రాలేదు.

"రాయి దొరికింది సముద్రంలోనా, కల్లు కుండలోనా?" అని ఒకడు అడిగితే అందరూ నవ్వారు. ఆకలి మీదున్నవాళ్ళ నవ్వు మంచిది కాదు. ఆ రోజు నుంచి దానయ్య ఏం చెప్పినా నమ్మేవాడు లేడు, తెప్ప మీద తోడు వచ్చేవాడు లేడు. మాట పోయిన మనిషి బతుకేం బతుకు? ఒక్కడే వెళ్ళేవాడు. ఇవాళ నిన్నటికన్నా దూరం, రేపు ఇవాళ్టికన్నా దూరం. ఒకరోజు అలకు తెప్ప తిరగబడింది. ఎలాగో ఒడ్డున పడ్డాడు. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

భార్య కాసులమ్మ ఆ చేతులకు గుడ్డ కడుతూ అడిగింది. "రాయి దొరికిన్రోజు ఒడ్డెలాగున్నాది?"

"నాను సూడ్నేదు."

"సూసినోడున్నాడు కదా. సూసినాడనే కదా మా తమ్ముణ్ణి తరిమినావు! ఆడి గడప తొక్కడం కన్నా సావే నయమనుకున్నావేటి?" అని ఆవిడ బావురుమంది.

ఆ రాత్రి దానయ్య ఎలా గడిపాడో ఎవరికీ తెలియదు. తెల్లవారాక ఎల్లాజీ ఇంటి ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న బడి అరుగు మీంచి గురువుగారు చూస్తూనే ఉన్నారట. ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. దానయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎల్లాజీ, తప్పయిపోనాది. ఆ రోజు ఒడ్డున నీకేటి కనబడ్డాదో సెప్పు."

ఎల్లాజీ ఇంకో రెండు ముళ్ళు వేశాడు. "నానేటీ గురుతులెట్టుకోనేదు బావా. మా ఇల్లెక్కడా అని సూసినాను, అంతే."

"అదే సెప్పు."

"మా ఇంటి తాటిసెట్టు తెల్లకొండ గండిలో కూకున్నాది. ఇటుపక్క ఉప్పుకొట్టు కప్పు మీద లైట్‌హౌసు నిలబడ్డాది."

"నాతో వత్తావా?"

"తిట్టకపోతే వత్తాను."

"తిడితే నువ్వూ తిట్టు," అన్నాడు దానయ్య. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ రోజు ఎల్లాజీ తెప్ప మీద ఒడ్డుకేసి తిరిగి కూర్చున్నాడు. వాడు చెయ్యి చూపించిన వైపల్లా దానయ్య నడిపాడు. తాటిచెట్టు గండిలోకి వచ్చింది, లైట్‌హౌసు కప్పు మీదకు వచ్చింది. గుండు వదిలితే రాతికి తగిలి ఆగింది. అది దానయ్య రోజూ దాటుకుని పోయిన చోటే. ఎల్లాజీ గబగబా గాలాలు విప్పుతుంటే దానయ్య మాత్రం చేతులు కట్టుకుని ఒడ్డు చూస్తూ కూర్చున్నాడట. ముప్పై ఏళ్ళుగా తిరిగిన సముద్రమే అయినా, తన ఊరు అక్కణ్ణించి అంత బాగుంటుందని అతనికి తెలియదు.

గురువుగారు ఆగారు. పరాంకుశం కళ్ళు తుడుచుకుని, కొంచెం విసుగ్గానే అడిగాడు. "బాగుంది స్వామీ. మరి నా గురుతులేమిటి? మీరే చెప్పండి."

"నాకేం తెలుస్తుంది నాయనా? ఆ రోజు నీ తెప్ప మీద నేను లేనుగా. నీ పక్కన ఎవరున్నారు?"

అది అంతవరకు అతన్ని ఎవరూ అడగని ప్రశ్న అనుకుంటాను. పరాంకుశం నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"మా అమ్మ మంచాన పడి ఉన్న రోజులు. స్నానం చేయిస్తున్నాం. నేను అమ్మను పట్టుకుని కూర్చున్నాను, మా ఆవిడ నీళ్ళు పోస్తోంది. అప్పుడు... అప్పుడే స్వామీ."

గురువుగారు లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ రోజు మీ ఆవిడకేం కనబడిందో ఎప్పుడైనా అడిగావా?" అన్నారు.