ఒకే గదిలో మూడు కాపురాలు

నారన్ పరుగున గురువు దగ్గరికి వచ్చాడు. దోసిట్లో ఒక చిన్న ఎలుక. దాని చెవి మీదా, తోక మొదట్లోనూ రక్తం.

"గురువుగారూ, సొంత అక్కలే కరిచేశాయి. నేను చేసిన తప్పేమిటో నాకు తెలియడం లేదు."

గురువు లామా గోంబో, తను చదువుతున్న పుస్తకం మూశాడు.

వాళ్ళుండే బౌద్ధ మఠం గోబీ ఎడారి అంచున ఉంది. చలికాలం మొదట్లో ధాన్యపు కొట్టుకి పునాది తవ్వుతుంటే మూడు కలుగులు బయటపడ్డాయి. ఒక్కో కలుగులో ఒక్కో జెర్బిల్ కుటుంబం. జెర్బిల్ అంటే ఇసుక రంగు ఎడారి ఎలుక. తోక చివర చిన్న కుచ్చు ఉంటుంది. అలికిడయితే వెనక కాళ్ళ మీద మనిషిలా నిలబడి చూస్తుంది.

మంచు పడబోతోంది. నేల గట్టిపడ్డాక కొత్త కలుగు తవ్వుకోవడం వాటివల్ల కాదు. గురువు మూడు కొయ్యపెట్టెల్లో ఇసుక పోయించి, ఒక్కో కుటుంబాన్ని ఒక్కోదాంట్లో ఉంచి, మూడింటినీ ఒకే గదిలో పెట్టించాడు. చూసుకునే పని నారన్‌కి అప్పగించాడు.

"ఒక పెట్టెలో పెట్టిన చెయ్యి కడుక్కోకుండా ఇంకోదాంట్లో పెట్టకు. ఏ పెట్టె గరిటె ఆ పెట్టెదే" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

నారన్ అసలే భయస్తుడు. ఒక పెట్టెలో నాలుగు గింజలు ఎక్కువ పడితే ఏరి వెనక్కి తీసేవాడు. ప్రార్థన మధ్యలో లేచి వెళ్ళి, పెట్టెలు వెచ్చగా ఉన్నాయో లేదో తడిమి చూసి వచ్చేవాడు. వంటశాలలో ఉండే ముసలి భిక్షువు తాషికి ఇది వేడుక.

"ఏమయ్యా, మామగారూ! ముగ్గురు కోడళ్ళూ కులాసాయేనా?"

"నవ్వకు తాతా. రెండో పెట్టెలో బక్కది నిన్నటి నుంచి సరిగా తినడం లేదు."

"నువ్వు తిన్నావా?"

నారన్ గుర్తు చేసుకుంటున్నాడు.

అతన్ని ఒక్క విషయం బాధపెట్టేది. పొద్దున్నే సకల ప్రాణులూ ఒకటేనని పఠిస్తాం. ఈ గదిలోకి రాగానే మూడు పెట్టెలు, మూడు గరిటెలు, మూడు నీళ్ళ గిన్నెలు. ఇదేం న్యాయం?

కొత్త సంవత్సరం నాడు అతనికో ఆలోచన వచ్చింది. ఆశీర్వాదం అయినా అందరికీ కలిపి అందాలి. నీలి పట్టు కండువాని మంత్రజలంలో తడిపి, మూడు పెట్టెల్లోని పద్నాలుగు ప్రాణుల్నీ ఆ ఒక్క కండువాతోనే తుడిచాడు. చేతులు మాత్రం పెట్టె పెట్టెకీ కడుక్కున్నాడు. గురువు చెప్పింది చేతుల గురించే కదా. రెండో పెట్టెలోని బక్కదాన్ని అన్నిటికన్నా ఆఖరున తుడిచాడు. పాపం బక్కది కదా అని రెండుసార్లు తుడిచాడు.

తెల్లవారేసరికి బక్కదాని సంగతి ఇదీ.

అంతా చెప్పాక నారన్ అడగకుండా ఉండలేకపోయాడు.

"అందరూ ఒకటేనని మీరే కదా చెప్పారు? మరి ఆ మూడు పెట్టెలు దేనికి?"

గురువు లేచి గదిలోకి నడిచాడు. గోరువెచ్చటి నీళ్ళతో ఎలుక గాయాలు కడిగి, ఉన్ని గుడ్డలో పడుకోబెట్టాడు.

"కళ్ళు మూసుకో" అన్నాడు.

మొదటి పెట్టెలోంచి చిటికెడు ఇసుక తీసి నారన్ ముక్కు దగ్గర పెట్టాడు. "ఏమిటిది?"

"ఇసుక."

చెయ్యి కడుక్కుని రెండో పెట్టెలోంచి తీశాడు. "ఇది?"

"ఇసుకే, గురువుగారూ."

మళ్ళీ కడుక్కుని మూడో పెట్టెలోంచి తీశాడు. "మరి ఇది?"

"నాకు తేడా తెలియడం లేదు."

"కళ్ళు తెరువు."

ఆ మూడో చిటికెడు ఒక చెక్కముక్క మీద వేసి, మొదటి పెట్టెలోకి మెల్లగా దింపాడు. పెద్ద ఎలుక దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. కొయ్యలా బిగుసుకుపోయింది. మరుక్షణం వెనక కాళ్ళతో నేలని డబడబ కొట్టింది. రెప్పపాటులో కుటుంబం మొత్తం ఇసుక కిందికి వెళ్ళిపోయింది. పెట్టె ఖాళీగా ఉన్నట్టయింది.

నారన్ ఆ చెక్కముక్క వైపు వంగి చూశాడు. చిటికెడు ఇసుక. తన ముక్కుకి ఏమీ లేని ఇసుక.

అతను గురువు వైపు తిరిగాడు.

"అయితే నేను తుడిచేసింది దాని ఇంటి వాసనని..."

గురువు చెక్కముక్క బయటికి తీశాడు.

"దీన్ని వాళ్ళు మళ్ళీ రానిస్తారా, గురువుగారూ?"

"తెలియదు."

ఆ సాయంత్రం గురువు రెండో పెట్టె మధ్యలో రెండు వరసల ఇనుప జల్లెడ అడ్డుగా బిగించాడు. ఒక పక్క బక్కది. రెండో పక్క దాని తల్లి, అక్కలు. రోజుకి మూడుసార్లు అటువాళ్ళని ఇటూ ఇటుదాన్ని అటూ మార్చాలి. ఇది వాళ్ళ పడక మీద పడుకోవాలి, వాళ్ళు దీని పడక మీద పడుకోవాలి.

"నువ్వే మార్చు" అన్నాడు.

మొదటి రోజు అక్కలు జల్లెడ కొరికాయి. రెండో రోజూ కొరికాయి. మూడో రోజు కొరకలేదు.

"ఒక్కసారి జల్లెడ తీసి చూద్దామా?" అన్నాడు నారన్.

"తొందర దానికా, నీకా?"

నారన్ మళ్ళీ మార్చాడు. మర్నాడూ మార్చాడు. ఆరో రోజు పొద్దున వెళ్ళి చూస్తే, బక్కది తన ఉన్ని గుడ్డని జల్లెడ దాకా లాక్కొచ్చి దానికి ఆనుకుని నిద్రపోతోంది. అవతలి పక్క తల్లీ అక్కలూ పెట్టె మూల వదిలిపెట్టి వచ్చి, అదే చోట వీపులు ఆనించి పడుకున్నాయి. మధ్యన ఇనుము. నారన్ అక్కడే కూలబడి, ఉదయపు గంట మోగేదాకా అలా చూస్తూ ఉండిపోయాడు.

ఎనిమిదో రోజు గురువు జల్లెడ తీశాడు.

తల్లి ముందుకి వచ్చింది. బక్కది నేలకి అణిగిపోయింది. నారన్ చెయ్యి తనంతట తనే పెట్టెలోకి పోబోయింది. గురువు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు."

తల్లి దాని మూతి వాసన చూసింది. పొట్ట చూసింది. తోక మొదట్లో, ఇంకా మానని చోట చాలాసేపు ఆగింది. బక్కది మెల్లగా గడ్డం పైకెత్తి మెడ చూపించింది. తల్లి పళ్ళు దాని చెవిని అందుకున్నాయి.

నారన్ కళ్ళు మూసుకున్నాడు. అరుపు వినపడలేదు. తెరిచి చూశాడు.

తల్లి దాని చెవి శుభ్రం చేస్తోంది.

ఒక అక్క వచ్చింది. ఇంకొకటి వచ్చింది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, అన్నీ కలిసి ఒకే ముద్దగా ఒదిగిపోయాయి. ఆ ముద్దలో బక్కది ఏదో నారన్‌కి తెలియలేదు. వాటికి తెలుసు.

అతని చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి, గురువుగారూ?" అని గొణిగాడు.

గురువు అప్పటికే, బట్టల చప్పుడు కాకుండా అంగీ దగ్గరికి తీసుకుని లేస్తున్నాడు.

"మెల్లగా రా" అన్నాడు. "వాళ్ళింట్లో ఉన్నాం."