లేయమ్మ అలికిన మూల

అనగనగా, మా తాతల తాతలు ఉగ్గుపాలు తాగే కాలంలో, ఏటి పక్కన ఒక పాలెం. ఆ పాలెంలో ఒక తాటాకు గుడి. యేసయ్య గుడి. దానికి గంట లేదు, కుర్చీ లేదు. ఉన్నదల్లా ముందొక బల్ల, మట్టినేల. ఆ నేల అలికే మనిషి లేయమ్మ.

లేయమ్మకు చదువు రాదు. పాట పాడితే పక్కనున్నోళ్ళకు కూడా వినపడదు. ప్రార్థన చెయ్యమంటే చెమటలు పట్టేవి. "నాకు మాటలు రావయ్యగారూ, చేతులే వచ్చు" అనేది వాక్యం చెప్పే ఉపదేశి అయ్యగారితో. శనివారం పొద్దున్నే కుండెడు పేడనీళ్ళు, తట్టెడు ఎర్రమట్టి తెచ్చేది. ముందున్న బల్ల దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా అలికేది.

ఒక ఏడు ఏరు పొంగింది. పడవతో సహా లేయమ్మ మొగుణ్ణి తీసుకుపోయింది. శనివారం వచ్చింది. లేయమ్మ కుండ ఎత్తుకుని గుడికి పోయింది.

మరో ఏడు ఇల్లు కాలింది. కట్టుకున్న కోక తప్ప ఏం మిగల్లేదు. శనివారం వచ్చింది. లేయమ్మ ఎవరిదో కుండ అడుక్కుని, ఎత్తుకుని గుడికి పోయింది.

పక్కింటి గంగులమ్మకు ఒళ్ళు మండింది. ఆమె గుడికి పోయే మనిషి కాదు.

"ఏమే లేయమ్మా, నీ ఇంటికి కప్పు లేదు గానీ, ఆయనింటికి అలుకు కావాల్సొచ్చిందా?"

"ఆయనకెందుకు వదినా, నాకే కావాలి. అలికితే గుండె కుదుటపడుద్ది."

"అయితే మా ఇంటికి రా. రోజూ కుదుటపడుదువు గాని!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

లేయమ్మకిక మిగిలింది కూతురు కృప. ఏడేళ్ళది. తల్లి అలకడం అయ్యాక, గుమ్మం పక్క మూల తడినేల మీద కుడిచెయ్యి అచ్చు వేసేది.

"ఎందుకే అది?"

"నేనొచ్చినట్టు అయ్యగారికి తెలియొద్దూ!"

"ఏ అయ్యగారికే?"

"పైనున్న అయ్యగారికి."

మళ్ళీ శనివారం లేయమ్మ దానిమీదే అలికేది. అచ్చు మాసిపోయేది. పిల్ల మళ్ళీ వేసేది.

మూడో ఏడు పాలెంలో గత్తర పడింది, వాంతులూ విరేచనాలూ. ఆదివారం పాట పాడిన కృప గురువారానికి లేదు. గత్తర కదా, పిల్ల గుడ్డలు కూడా తగలబెట్టారు.

శనివారం వచ్చింది. లేయమ్మ కుండ ఎత్తుకుని గుడికి పోయింది. బల్ల దగ్గర మొదలుపెట్టింది. వెనక్కి జరిగింది, జరిగింది, మూలకొచ్చింది. తిరిగి చూస్తే అక్కడ ఐదు వేళ్ళు.

చెయ్యి ఆడలేదు. లోకంలో తన బిడ్డ గుర్తు అదొక్కటే. దాన్ని తన చేత్తోనే చెరపాలి.

లేయమ్మ లేచింది. "మొగుణ్ణి తీసుకున్నావు, ఊరుకున్నా. ఇల్లు తీసుకున్నావు, ఊరుకున్నా. ఇది మాత్రం ఇవ్వను" అంది. కుండ బయట కుమ్మరించి వెళ్ళిపోయింది.

శనివారం వచ్చింది. లేయమ్మ రాలేదు. ఇంకో శనివారం వచ్చింది. లేయమ్మ రాలేదు. గుడినేల బీటలు తీసింది.

గంగులమ్మే ఉండబట్టలేక వచ్చింది. "నాకు మీ దేవుడితో పనిలేదు గానీ, నీకోసం నేను అలికిపెట్టనా?"

"ఆ మూల ముట్టుకున్నావంటే నా శవం చూస్తావు వదినా."

మూడో శనివారం ఉపదేశి అయ్యగారు వచ్చారు. తిట్టలేదు, వాక్యం చెప్పలేదు. "నేల పెళ్ళలు లేస్తోందమ్మా. ఆ మూల కూడా" అన్నారు.

లేయమ్మ పరుగున పోయింది. అచ్చులో బొటనవేలు రాలిపోయింది. చిటికెనవేలు రాలిపోయింది. మూడు వేళ్ళే ఉన్నాయి. అలకని నేల నిలవదు. అది ఆమెకు తెలియనిదా! దాచిపెట్టి తనే పోగొట్టుకుంటోంది.

మోకాళ్ళ మీద పడింది. అంతవరకూ గట్టిగా మాట్లాడని మనిషి గుడి అదిరేటట్టు అరిచింది.

"నీ చేతుల్లో మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయంటగా! నువ్వు తిరిగి లేచినా వాటిని చెరుపుకోలేదంటగా! నాకీ ఒక్క గుర్తు ఉంచలేవా తండ్రీ?"

పొద్దు నడినెత్తికొచ్చింది. పొద్దు వాలింది. ఏడ్చి ఏడ్చి లేయమ్మ ఒళ్ళు తేలికపడింది. గుమ్మం దగ్గర గంగులమ్మ నీళ్ళ కుండతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో!

లేయమ్మ మట్టి కలిపింది. పేడ కలిపింది. బల్ల దగ్గర మొదలుపెట్టి మూల దాకా వచ్చింది. ఆ మూడు వేళ్ళ మీద తన చెయ్యి ఆనించింది.

"నేను అలుకుతా, నువ్వు ఉంచు" అంది. అలికింది. "నేను అలుకుతా, నువ్వు ఉంచు." అలికింది. "నేను అలుకుతా, నువ్వు ఉంచు." అలికింది. నేల నున్నగా అయింది. అచ్చు పోయింది.

తెల్లారి ఆదివారం. ముందొచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. వెనకవాళ్ళు నెట్టలేదు. అలుకు ఆరిన మూలలో చిన్న చెయ్యి. ఐదు వేళ్ళు.

గంగులమ్మ చూసి గుమ్మం బయటే చతికిలబడింది. పల్చగా అలికితే కింద అచ్చు పైకి తేలుద్దిలే అన్నారు కొందరు. సరే, తేలుద్ది. మరి రాలిపోయిన రెండు వేళ్ళో?

లేయమ్మ వంగి, పక్కన చెయ్యి పెట్టి, "ఉంచాడు" అంది. అంతే.

ఆ ఏడు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు చాలామంది. ఒక్కొక్కరే వచ్చి ఆ మూల కూర్చునేవాళ్ళు. లేయమ్మ కాస్త జరిగి చోటిచ్చేది. "మాటలు రాకపోతే పర్లేదమ్మా. చెయ్యి పెట్టు" అనేది.

నడుం వంగిపోయేదాకా అలికి, ఒక శుక్రవారం లేయమ్మ కన్నుమూసింది. శనివారం వచ్చింది. ఒకరికి తెలియకుండా ఒకరు ముగ్గురు ఆడవాళ్ళు కుండలెత్తుకుని గుడికొచ్చారు. అందరికంటే ముందొచ్చింది ముసలి గంగులమ్మ.

ఇప్పుడా గుడికి నాపరాళ్ళు పరిచారు. గుమ్మం పక్క మూరెడు నేల మాత్రం మట్టిదే. శనివారం శనివారం దాన్ని అలుకుతారు. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకే ఆ వంతు ముందు ఇస్తారు. అలుకుతూ వాళ్ళు అనేది ఒక్కటే మాట. నేను అలుకుతా, నువ్వు ఉంచు.

ఆ అచ్చు ఇంకా ఉందా అని పిల్లలు అడుగుతారు. ఎన్ని పొరలు పడ్డాయో, కంటికైతే కనపడదు. వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. ఐదు వేళ్ళకూ చోటుంటుంది.