ఏడు పెట్టెల ఉమ్మడి గాదె

ఆ దిండు ఇటు జరుపు లాసీ. తరుణూ, కాళ్ళు నా మీంచి తియ్యి, నేను నీ మంచాన్ని కాదు. మీ మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు, వాడికి చెప్పడం లేదు, మీకే చెబుతున్నాను.

అనగనగా ఒక ఊళ్ళో... ఒక ఊరు చాలదు ఈ కథకి, ఏడూళ్ళు కావాలి. కందిపాలెం, పెసరపాలెం, మినపపాలెం, ఉలవపాలెం, నువ్వులపాలెం, రాగిపాలెం, సజ్జపాలెం. ఏడింటికీ ఒక్కడే రాజు. ఆయనకి రాజ్యం కంటే మీసం పెద్దది. ఆయన కోటలో పడుకుంటే మీసం కొస పొలిమేర అవతల పడుకునేది. అబద్ధం కాదు, మా నాయనమ్మ జానలు పెట్టి కొలిచింది.

రాజుకి తిండియావ. ఆయన భోంచేసి లేస్తే ఊళ్ళో కాకులు కూడా పస్తే. పన్ను వేస్తే జనం ఏడుస్తున్నారు. ఏడవకుండా, నవ్వుతూ నవ్వుతూ వాళ్ళంతట వాళ్ళే తెచ్చి పొయ్యాలి, ఎలాగా అని ఆలోచించి ఊరికో పెట్టె పెట్టించాడు.

పెట్టె ముఖాన అద్దం. అద్దంలో మూడు బొమ్మలు గిరగిరా తిరుగుతాయి, మీ మావయ్య డబ్బులు పెట్టి ఆడే ఫోను ఆటలో తిరుగుతాయే, అచ్చం అలాగే. పెట్టె నోట్లో గుప్పెడు గింజలు పోసి చెవి మెలెయ్యాలి. బొమ్మలు తిరిగి తిరిగి ఆగుతాయి. వంకాయ, చిలక, మామిడిపండు. మూడూ మామిడిపళ్ళే పడ్డాయా, గాదె మీది. ఏడు పెట్టెలకీ కలిపి కోటలో ఒకటే గాదె. ఏ ఊళ్ళో ఎవరు పోసినా అందులోనే కుప్ప పెరుగుతుంది. ఎంత పెరిగిందో ఏడు పెట్టెల నుదుటి మీదా బొమ్మ కనబడుతుంది. మొదట్లో పిల్లి అంత ఉంది. తరవాత ఏనుగంత. ఆ తరవాత కుప్ప కొన మబ్బులకి గుచ్చుకుని, వానలు కోట మీదే పడి పోయేవి.

కరెంటా? కరెంటెక్కడిదిరా. లోపల దయ్యం కూచుని చేత్తో తిప్పేది. ఊ కొడుతున్నారా? ఇద్దరి ఊలే వినబడ్డాయి. సరే.

కందిపాలెంలో బంగారమ్మ అని ఒక అత్తగారు. ఆవిడ కొడుకు సన్యాసి, ఎవరేమన్నా 'అలాగే' అంటాడు, ఈ కథలో వాడి పని అంతే. ఆవిడ కోడలు నూకాలు. నూకాలుకి ఒక అలవాటు. ఎదురుగా తల కనబడితే పాయ తీసి పేలు చూడకుండా ఉండలేదు. పెళ్ళిపీటల మీద జీలకర్ర బెల్లం పెట్టమంటే, పెళ్ళికొడుకు తలలో ముందు రెండు పేలు తీసి, అప్పుడు పెట్టింది.

బంగారమ్మ పెట్టె రుచి మరిగింది. ఇంట్లో బియ్యం పోసింది. రాగులు పోసింది. మినుములు పోసింది. ఏమీ లేక ఒకరోజు మిరపకాయలు పోస్తే పెట్టె పండగ దాకా తుమ్మింది. నిన్న రెండు మామిడిపళ్ళు పడ్డాయే, మూడోది గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్ళింది, నా కళ్ళతో చూశాను అనేది. నూనె లేదు, దువ్వెన లేదు, అరుగు మీద కూచుని కోడలి చేత తల చూపించుకునే తీరిక లేదు. పేలు చింతగింజలంత అయ్యాయి. ఆవిడ కొప్పు ముడిస్తే అవే విప్పేసేవి.

ఇక చాలు అత్తా అంది నూకాలు. చాలు ఎలా అవుతుందే, ఇన్నాళ్ళూ పోసింది మనం, ఇవాళ మానేస్తే రేపు రాగిపాలెం వాడెవడో గుప్పెడు పోసి మన కుప్పంతా ఎత్తుకుపోతాడు అంది బంగారమ్మ. రాగిపాలెంలో అత్తలు సజ్జపాలెం వాళ్ళు ఎత్తుకుపోతారన్నారు. సజ్జపాలెం అత్తలు పెసరపాలెం వాళ్ళన్నారు. పెసరపాలెం అత్తలు, ఇంకెవరు, ఆ కందిపాలెం బంగారమ్మే అన్నారు.

చివరికి ఇంట్లో విత్తనాల వడ్లు ఒక్క బుట్టెడు మిగిలాయి. అవీ పోతే ఏరువాక నాడు పొలంలో చల్లడానికి మట్టే. బంగారమ్మ బుట్ట మీద చెయ్యి వేసింది. సన్యాసి అలాగే అన్నాడు. నూకాలు దెబ్బలాడలేదు. బుట్ట బరువు అత్తా, నేను మోస్తాను పద అంది.

పెట్టె దగ్గర వరస ఎంత పొడుగంటే, చివర్లో నిలబడ్డవాడు పక్కూరివాడు. నూకాలు నీడకోసం పెట్టె వెనక్కి వెళ్ళింది. వెనక ఒక చీలిక. చీలికలోంచి ఒక జడ బయటికొచ్చి నేలలోకి దిగిపోయింది. జడ కనబడితే నూకాలు ఊరుకుంటుందా? పాయ తీసి చూసింది. ఒక్క పేనూ లేదు, ఒక్క ఈపీ లేదు. లోపల్నుంచి ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

ఎవరమ్మా అంది నూకాలు.

దయ్యాన్నమ్మా, నా తల మీద ఒకరు చెయ్యేసి వందేళ్ళయింది అందది. పాపం కష్టమంతా చెప్పుకుంది. మేం ఏడుగురం అక్కచెల్లెళ్ళం, ఊరికొకళ్ళం. తాడు ఖర్చని ఆ పిసినారి రాజు మా జడలన్నీ భూమిలోంచి ముడేసి, ముడి కొస గాదె తలుపుకి కట్టి, ఇంకా మిగిలితే తన మీసానికి చుట్టుకున్నాడు. ఎవరు గుప్పెడు పోసినా ఆయనకి మీసం చివుక్కుమంటుంది. గుప్పెట్లో ఒక్క గింజ గాదెకి, మిగతాదంతా వంటింటికి. ఇంకో సంగతి, నాకిచ్చినవి రెండే మామిడిపళ్ళు, మూడోది ఆయన తలగడ కింద ఉంది అంది.

మరి ఏడుగురూ ఒక్కసారి తలూపితే గాదె తలుపు ఊడిపోదూ అని అడిగింది నూకాలు.

ఊడిపోతుంది. కానీ కావాలని తల కదపకూడదని ఒట్టేయించుకున్నాడు. ఒట్టు తప్పిన దయ్యం మళ్ళీ మనిషై పుడుతుంది, ఎవరికి కావాలమ్మా ఆ బాధ?

దురద వేసి కదిపితేనో?

దురదెందుకేస్తుంది, మాకు పేలేవీ?

నూకాలు లేచెళ్ళి, అత్తా, నీ వంతు రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది, ఇలా నీడకొచ్చి కూచో, తల చూస్తాను అంది. బంగారమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నూకాలు ఒక్కో పేనూ తియ్యడం, దయ్యం జడలో వదలడం. తియ్యడం, వదలడం. కాసేపటికి బంగారమ్మకి అనుమానం వచ్చింది. ఏమే, గోటి మీద టిక్కుమని చప్పుడు రావడం లేదు అంది. నూకాలు నాలికతో టిక్కుమంది. ఆఁ, ఇప్పుడు హాయిగా ఉంది అంది ఆవిడ.

జడలోకి దిగిన పేను ఊరుకుంటుందా. కంది నుంచి పెసరకి పాకింది, పెసర నుంచి మినపకి పాకింది, మినప నుంచి ఉలవకి, ఉలవ నుంచి నువ్వులకి, నువ్వుల నుంచి రాగికి, రాగి నుంచి సజ్జకి, సజ్జ నుంచి రాజుగారి మీసానికి.

ఊ కొట్టండర్రా, ఇక్కడే కొట్టాలి.

బంగారమ్మ వంతు వచ్చింది. విత్తనాలు గుప్పెడు తీసి పెట్టె నోటి దాకా చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడు ఏడూళ్ళలో ఏడు దయ్యాలూ రెండు చేతులతో తల బరబరా గోక్కుని విదిలించాయి. కోటలో గాదె తలుపు ఊడి కుప్పంతా జడల దారిన పరిగెత్తి, ఏడు పెట్టెల నోళ్ళలోంచీ ధారగా పడింది. కందిపాలెం వాళ్ళు ఇళ్ళకి ఈదుకుంటూ వెళ్ళారు. బంగారమ్మ కంఠం దాకా గింజల్లో నిలబడి, గుప్పెడు అలాగే పైకి పట్టుకుని, నేనింకా పొయ్యలేదే అంది.

ఏడూళ్ళకీ ఒక్కసారే పడింది కాబట్టి ఎవరూ ఎవర్నీ చూసి కుళ్ళుకోలేదు. విత్తనాల బుట్ట భద్రంగా ఇంటికొచ్చింది. నూకాలు ఏడు దయ్యాలకీ జడలు విప్పి, కుంకుడుకాయతో తలంటింది. అవి మళ్ళీ మనుషులుగా పుట్టకుండా సుఖంగా ఉన్నాయి. పెట్టెల్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. రాజు దురద పడలేక మీసం గొరిగించుకున్నాడు. మీసం లేని మనిషిని కోట కాపలావాడు లోపలికి రానివ్వలేదు. ఆయన నడుచుకుంటూ వచ్చి బంగారమ్మ ఇంట్లో పాలేరుగా కుదిరాడు. మీసం చివుక్కుమనడం లేదు కదా, కంటినిండా నిద్రపోయాడు. ఏడూళ్ళ వాళ్ళూ రాజేడీ అని ఒక్కసారి కూడా అడగలేదు.

అందుకని నాన్నా, పక్కోడు ఎత్తుకుపోతాడని మన విత్తనాలు మనం పారబోసుకోకూడదు. కుప్ప ఎంత ఉందో చూడకు, నీ గుప్పెడు ఎటు పోతోందో చూసుకో.

ఆఁ, గోడ దగ్గర్నుంచి ఊ అని వినబడింది, చూశారా? పొద్దున్నించి నోరు విప్పనివాడు. పడుకోరా నాయనా. ఆ ఫోను ఇలా నా తలగడ కింద పెట్టి పడుకో, మూడో మామిడిపండు కూడా అక్కడే ఉంది.

కథ కంచి బస్సెక్కింది, మనం దుప్పట్లోకి. లాసీ, ఇందాకట్నించీ గోక్కుంటున్నావు, రేపు పొద్దున్న అరుగు మీదికి రా.