చెంప మారిన పుట్టుమచ్చ

వినీల ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పని మాట ఒకటుంది. హీరో ధనుంజయ్ పుట్టుమచ్చని కుడిచెంప మీద చెక్కింది కళ కోసం కాదు. పొరపాటున.

అచ్చు వెయ్యడానికి చెక్కే బొమ్మని తిప్పి చెక్కాలి. చెక్కిన దిమ్మ మీద ఎడమ, అచ్చు పడే గుడ్డ మీద కుడి అవుతుంది. పనిలోకి వచ్చిన మొదటిరోజే ఎవరైనా చెప్పే సంగతి ఇది. వినీలకి చెప్పేవాళ్ళు లేరు. బందరులో తన గదిలో కూర్చుని, ఫోన్లో వీడియోలు చూసి, రబ్బరులా మెత్తగా తెగే లినోలియం ముక్కల మీద సినిమావాళ్ళ మొహాలు చెక్కడం తనంతట తనే నేర్చుకుంది. వీడియోలో ఆ ముక్క చెప్పే ఉంటారు. ఆ నిమిషాన్ని ఆమె ముందుకి జరిపేసింది. ఏదైనా సరే, చివరిదాకా వినే ఓపిక ఆమెకి లేదు.

ధనుంజయ్‌కి ఎడమ కంటి కింద మినపగింజంత మచ్చ ఉంది. అభిమానులకి ఆ మచ్చంటే ప్రాణం. కొత్త సినిమా విడుదలకి అభిమాన సంఘం అడిగితే, వినీల ఆ మొహం చెక్కి రెండొందల తువ్వాళ్ళ మీద అచ్చు వేసి ఇచ్చింది. రెండొందల తువ్వాళ్ళ మీదా మచ్చ కుడిచెంపకి కాపురం మార్చేసింది.

సంఘం ప్రెసిడెంటు తువ్వాలు విప్పి చూసి, ఏమిటిదన్నాడు. వినీలకి తన పొరపాటు అప్పుడే తెలిసింది గానీ నోరు వెనక్కి తగ్గలేదు. మనం చూసే ధనుంజయ్‌ని ఎవరైనా చెక్కుతారు, ఇది ఆయన పొద్దున్నే అద్దంలో తనని తను చూసుకునే మొహం అని చెప్పింది. ప్రెసిడెంటు కళ్ళు చెమర్చాయి. మర్నాడు థియేటరు ముందు కుర్రాళ్ళంతా కుడిచెంపన కాటుకచుక్క పెట్టుకుని బారులు తీరారు.

ఆవేళ అక్కడున్నవాళ్ళలో నవ్వింది రజియా ఒక్కతే. వినీలా, రజియా ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఇప్పుడు రజియాకి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు ఉంది.

"తిప్పి చెక్కడం మర్చిపోయావు కదే," అంది రజియా, చెవి దగ్గరికొచ్చి, మెల్లిగానే.

"సెల్లు కవర్లు అమ్ముకునేదానికి కళ గురించి ఏం తెలుసే," అంది వినీల, పదిమందికీ వినబడేలా.

మూడు నెలలైంది. రోజుకి పదిసార్లు మాట్లాడుకునేవాళ్ళు మాటల్లేకుండా ఉన్నారు. ఏటా రంజానుకి రజియా ఇంటినుంచి వచ్చే సేమ్యా గిన్నె ఈ ఏడు రాలేదు. రాకపోతే పోనీ అనుకుని, ఆ సాయంత్రం వినీల మూడుసార్లు వీధి తలుపు తీసి చూసింది.

రజియా నోరు మూయించాలంటే తనకో గురువు ఉండాలనిపించింది. పెడన వెళ్ళి నాంచారయ్య ముందు నిలబడింది. కలంకారీ అద్దకానికి టేకు దిమ్మలు చెక్కడంలో యాభై ఏళ్ళు అరిగిన చెయ్యి ఆయనది. పనికి రమ్మన్నాడు. గీత కనబడేందుకు దిమ్మలకి పూసే సుద్దే నెలరోజులు పూయించాడు.

నెల దాటేసరికి వినీలకి చేతులు తెల్లబడ్డాయి, ఓపిక నల్లబడింది. తనేమీ అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్ల కాదని తెలియజెయ్యడానికి, సంచీలోంచి ధనుంజయ్ తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చింది.

నాంచారయ్య దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. మెడ తుడుచుకున్నాడు. చెమట బాగా పీలుస్తోందన్నాడు.

టీ పట్టుకొచ్చిన ఆయన భార్య బుల్లెమ్మ తువ్వాలు లాక్కుని చూసింది. ఆవిడ ధనుంజయ్ సినిమా ఒక్కటీ వదలదు. "మచ్చ ఇటుందేమే? ఎడంపక్క కదూ ఉండాలి?" అంది.

వినీల అద్దం కథ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఇన్నిసార్లు చెప్పాక అది బాగా పదునెక్కింది. పనిలో పనిగా, ఇంత లోతు అర్థంకాక నవ్విన ఒక స్నేహితురాలి సంగతీ చెప్పి, కళ్ళుండగానే సరా తాతగారూ, చూపుండాలి కదా, అంది.

నాంచారయ్య అంతా విన్నాడు. "అలాగా," అన్నాడు. లేచి వెళ్ళి, పెరటి గోడకి తను గడ్డం గీసుకునేందుకు తగిలించుకున్న అద్దం తీసుకొచ్చి, ఒక టేకు దిమ్మతో పాటు ఆమె ముందు పెట్టాడు.

"నీ మొహం చెక్కు. అద్దంలో ఎలా కనబడితే దిమ్మ మీద అలా. తిప్పకు."

మూడురోజులు పట్టింది. ఆ మూడురోజులూ నాంచారయ్య అద్దం లేకుండానే గడ్డం గీసుకుని, గాట్ల మీద పసుపుతో తిరిగాడు. వినీల మటుకు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. ముక్కుపుడక రాయి మెరుపు కోసమే ఒక పూట కూర్చుంది. చెక్కడం అయ్యాక దిమ్మకి నల్లరంగు అద్ది, గుడ్డ మీద ఒత్తి, నెమ్మదిగా పైకి లేపింది.

గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాతగారూ, ఇది నేను కాదు."

ముక్కుపుడక అవతలి పక్కకి పోయింది. పాపిడి ఇటుండాల్సింది అటుంది. కనుబొమ ఒకటి పైకి లేచి, ఎవరిమీదికో తగువుకి బయల్దేరినట్టుంది. ఫోటోల్లో కూడా తనకి ఇలాగే అవుతుంది, వాటిల్లో ఎవరో పరాయిపిల్ల ఉంటుంది, అందుకే తనకి ఫోటోలంటే పడదు అని చెప్పుకొచ్చింది. దిమ్మలోనే ఏదో లోపముందంది.

నాంచారయ్య భార్యని పిలిచాడు. బుల్లెమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఓసి నీ అసాధ్యం కూలా. అచ్చం నువ్వేనే. ఆ కనుబొమ చూడు, మాటంటే మీద పడేట్టు."

"నాది అలా ఉండదు మామ్మా."

"అదిగో, ఇప్పుడూ లేచింది," అంది బుల్లెమ్మ.

వినీల ఒప్పుకోలేదు. పక్క షెడ్డులో అద్దకం గుడ్డలు ఉతికే ఆడవాళ్ళు నలుగురుంటే వాళ్ళని తనే పిలుచుకొచ్చింది. నలుగురూ బొమ్మనీ, ఆమెనీ మార్చి మార్చి చూసి, ఇంత బాగా ఎలా దిగిందని మెచ్చుకున్నారు. ముక్కుపుడక పక్క మారిందని ఆమె వాదిస్తే, ఒకావిడ ఎదురుగా వచ్చి నిలబడి, బొమ్మ చూసి, ఆమె ముక్కు చూసి, ఎక్కడుండాలో అక్కడే ఉందిగా తల్లీ అని వెళ్ళిపోయింది.

వినీల అద్దంలో చూసుకుంది. గుడ్డ మీద చూసింది. ఇరవైనాలుగేళ్ళుగా అద్దంలో చూస్తున్న మొహం నాకు తెలియదా అంది, ఈసారి కాస్త తగ్గి.

నాంచారయ్య దిమ్మకంటిన రంగు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"బొమ్మ ఎలా వచ్చిందో దిమ్మకేం తెలుస్తుందమ్మాయ్. ఎదురుగా ఉన్న గుడ్డ చెప్పాలి."

అద్దం తీసుకుని, గడ్డం తడుముకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

వినీల గుడ్డ మీద లేచి ఉన్న కనుబొమకేసి మళ్ళీ చూసింది. ధనుంజయ్ మచ్చ గురించి నిజం చెప్పింది ఊరు మొత్తానికీ రజియా ఒక్కతే, అదీ మెల్లిగా, చెవి దగ్గరికొచ్చి. రంగు చేతులు చీరకొంగుకైనా తుడుచుకోకుండా ఫోను తీసింది. నాలుగు నెలలుగా నొక్కని నంబరు వేళ్ళకి ఇంకా కంఠతా ఉంది. ఎత్తగానే ఏమనాలో తెలియలేదు. ఎత్తకపోతే కొట్టుకే వెళ్ళాలి, పెడన నుంచి బందరు ఎంతసేపు. ముందైతే ఫోన్ చేద్దామనుకుంది. ఇవతల తను చెప్పడం కాకుండా, అవతల రజియా ఏమంటుందో చివరిదాకా వినాలనుకుంది.