కాకి ముట్టని జామపండు

మరిగే క్షారపు నీళ్లలో ముంచితే జామపండు తొక్క ఇట్టే ఊడొస్తుంది. ఆపైన మంచినీళ్లతో బాగా కడగాలి. ఆ కడగడం దండగన్నాడు రాజుగారి వంటశాల పెద్ద భైరవయ్య. రాజుగారి కంటే ముందుగా రుచి చూసే నౌకరు ఓబులు ఆ కడగని పండు తిని కడుపు కాలి చచ్చిపోయాడు. "జ్వరంతో పోయాడు ప్రభూ" అని భైరవయ్య చేతులు దులుపుకున్నాడు.

పదోనాడు, రాజుగారి ఎదుటే, ఓబులు పెళ్లాం సింగమ్మ పిండం మీద ఆ వంటశాలలో తొక్క తీసిన పండే పెట్టింది. కాకి వాలింది, ముట్టకుండా ఎగిరిపోయింది.

"వాడికేదో కోరిక మిగిలిపోయింది. తీరుస్తామని చెప్పు" అన్నాడు భైరవయ్య.

ఆ మాట కోసమే సింగమ్మ కాచుకుంది.

"రుచి చూడందే ఎవరికీ పెట్టనిచ్చేవాడు కాదు బాబూ. ఇప్పుడాయన లేడు. తమరొక్క ముక్క తినండి."

"తిను" అన్నారు రాజుగారు. భైరవయ్య చెయ్యి లేవలేదు. భటులు వాణ్ణి ఈడ్చుకుపోయారు.

"కాకి పసిగట్టిందే, నీ మొగుడికి తెలియలేదా?" రాజుగారు అడిగారు.

"తెలుసు ప్రభూ" అంది సింగమ్మ, పిండం వైపే చూస్తూ. "కాకికి రెక్కలున్నాయి."